జాక్ ఎంపిక ఉపసంఘం

యాభై రెండేళ్ళ వయసులో మగవాళ్ళకి రకరకాల తెగుళ్ళు పట్టుకుంటాయి. కొందరు జుట్టుకి రంగు వేస్తారు. కొందరు యోగాలో చేరి ఎదుటివాళ్ళ వెన్నెముక గురించి మాట్లాడడం మొదలుపెడతారు. నేను కారు కిందికి దించుకున్నాను.

దించడమంటే స్ప్రింగులు మార్పించి, కారు మొత్తాన్ని రెండంగుళాల పైచిలుకు నేలకి దగ్గర చెయ్యడం. పాతికేళ్ళ కుర్రాళ్ళ సరదా ఇది. డిగ్రీ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళుగా స్టాటిస్టిక్స్ చెబుతున్న నాకెందుకంటే, నా పాత విద్యార్థి ఒకడు కార్ల అలంకరణ షాపు పెట్టి, "సార్, మీ పర్సనాలిటీకి ఈ ఎత్తు నప్పలేదు సార్" అన్నాడు. ముప్పై అయిదు మార్కులకి నేను నెట్టుకొచ్చిన శాల్తీ వాడు. వాడి మాట ఎందుకు నమ్మానంటే, పర్సనాలిటీ అన్న మాట నా గురించి ఎవరైనా వాడి చాలా ఏళ్ళయింది.

ఆ రోజు నుంచి విశాఖపట్నంలోని స్పీడ్ బ్రేకర్లన్నీ నాకు పేరుపేరునా పరిచయమయ్యాయి. మద్దిలపాలెం దగ్గర ఒకటుంది, దాని కోసం నేను రోజూ మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి కాలేజీకి వెళ్ళేవాణ్ణి. మా ఆవిడ మంజువాణి మొదటిరోజే తేల్చేసింది.

"ఇది కారెక్కడం కాదండీ, కార్లోకి దిగడం. దిగిన తరవాత పైకి తియ్యడానికి వేరే మనిషి కావాలి."

అయినా సాయంత్రం ఆఫీసుల వేళ రోడ్డు మీద కుర్రాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. కారునే చూసేవాళ్ళు. లోపల మా ఇద్దర్నీ చూశాక వాళ్ళ మొహాల్లో కలిగే మార్పుని నేను పట్టించుకోలేదు.

ఏప్రిల్ మొదటి బుధవారం పొద్దున్న మా అపార్టుమెంటు సెల్లార్‌లో ముందు ఎడమ చక్రం నేలకి అతుక్కుపోయి కనిపించింది. పంక్చర్. ఏ కారుకైనా పంక్చరవుతుంది. డిక్కీలోంచి జాక్ తీసి, కారెత్తి, స్టెప్నీ బిగించుకుంటే అయిపోతుంది. నేనూ జాక్ తీశాను. కారు కింద పెట్టబోయాను. వెళ్ళలేదు. గాలి పోయాక కారుకీ నేలకీ మధ్య మిగిలిన జాగా రెండుంముప్పావు అంగుళాలు. జాక్ ఎత్తు, పూర్తిగా ముడిచినా, నాలుగంగుళాలు. లాల్చీతో నేల మీద బోర్లా పడుకుని నానా కోణాల్లో ప్రయత్నించాను. నా చెయ్యి వెళ్ళింది గానీ జాక్ వెళ్ళలేదు.

నేను ఆ భంగిమలో ఉండగా రెండు జతల కాళ్ళు వచ్చి నిలబడ్డాయి.

మొదటి జత వరహాలుది. నూట నాలుగులో అద్దెకుంటుంది. పిల్లల్ని బడికి తీసుకెళ్ళే వ్యాను స్వయంగా నడుపుకుంటుంది. మా సెల్లార్‌లో ఒక కారు వెనక ఒకటి పెట్టుకోవాలి. గోడవారగా ఆవిడ వ్యాను, దానికి అడ్డంగా నా కారు. రోజూ ఆరూ నలభైకి నేను కారు ముందుకి తీస్తే ఆవిడ వ్యాను బయటికొస్తుంది. వ్యానులో పదకొండు మంది పిల్లలు. ఆ పదకొండు మందే ఆవిడ సంసారం గడిచే దారి.

"ఏటి సార్, గాలి పోనాదా?" అంది వరహాలు వంగి చూసి. "ఇదెంత పనండి. చక్రం ముందు చెక్కముక్క ఒకటెట్టి, కారు రవ్వంత దాని మీదికి ఎక్కించీండి. లేచిపోద్ది. అప్పుడు మీ జాకు దూరిపోద్ది. నానెన్నిసార్లు సేసుకోలేదు!"

ఆ మాట వినుంటే ఈ కథ లేదు. కానీ రెండో జత కాళ్ళు సెక్రటరీ ముకుందం గారివి. ఆయన ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉండగా ఎర్ర సిరా వాడేవారు, ఇప్పుడు హోదా పెరిగి ఆకుపచ్చ సిరా వాడుతున్నారు.

"మాస్టారూ, సదరు జాక్ అసోసియేషన్ ఆమోదం పొందినదేనా?" అని అడిగారాయన.

 ఆర్నెల్ల కిందట ఎక్కడో ఇంకో అపార్టుమెంటులో జాక్ జారి కారు స్తంభానికి కొట్టుకుందని వాట్సాప్‌లో వచ్చింది. ఆ ఆదివారమే మా అసోసియేషన్ సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పాసయింది. ఒకటి, సెల్లార్‌లో ఏ వాహనాన్నయినా అసోసియేషన్ ఆమోదించిన జాక్‌తో మాత్రమే ఎత్తవలెను. రెండు, లోపమున్న వాహనాన్ని లోపం సరిచెయ్యకుండా కదిలించరాదు. బయటి మెకానిక్కుకీ ఇదే నిబంధన. అసోసియేషన్ ఆమోదించిన జాక్ అంటూ ఏదీ లేదన్న సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు. తీర్మానం ప్రతిపాదించిన మహానుభావుడికి కూడా తట్టలేదు. ఆ మహానుభావుణ్ణి నేనే.

"అయితే ఆమోదించిన జాకు ఇచ్చీండి బాబూ," అంది వరహాలు. "వచ్చే సోమారం కాక ఆ పై సోమారం పిల్లలకి పరీచ్చలు మొదలు. ఆలోగా బండి బయటెట్టాల."

"ఆమోదించవలసిన జాక్‌ని ముందు ఎంపిక చెయ్యాలమ్మా," అన్నారు ముకుందం గారు. "ఎంపికకి ఒక పద్ధతుంటుంది. మీకేమైనా విన్నపం ఉంటే మీ ఓనరు ద్వారా రాతపూర్వకంగా పంపండి."

ఓనరు రాయపూర్‌లో ఉంటాడు. వరహాలు నా వంక చూసింది. నేను లేచి లాల్చీ దులుపుకుంటూ, "చెక్కముక్క అంటే అంత శాస్త్రీయం కాదమ్మా" అన్నాను. నిజం చెప్పాలంటే శాస్త్రం కాదు అసలు బాధ. గాలి లేని చక్రం మీద కారు కదిలిస్తే వెండి రంగు రిమ్ముకి గీత పడుతుంది. ఆ రిమ్ములు కూడా నా పర్సనాలిటీలో భాగమే.

శుక్రవారం కార్యవర్గం సమావేశమయింది. ప్రెసిడెంటు భానోజీరావు గారు పెద్ద ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన కూర్చుంటే ప్లాస్టిక్ కుర్చీ కూడా ఆఫీసు కుర్చీలా కనిపిస్తుంది.

"మాస్టారూ, ఎత్తడం ముఖ్యం కాదు," అన్నారాయన. "ఏ అధికారంతో ఎత్తాం అన్నది ముఖ్యం. రేపు ఎవరైనా అడిగితే మన దగ్గర దస్త్రం ఉండాలి. సాధ్యాసాధ్యాలు పరిశీలించి, సముచితమైన జాక్‌ని సిఫార్సు చెయ్యడానికి ఒక ఉపసంఘం వేద్దాం. కన్వీనరుగా మీరే ఉండండి. బాధితులూ మీరే, లెక్కలు తెలిసినవారూ మీరే."

నేను వద్దనాలి. బాధితుడు న్యాయమూర్తిగా కూర్చోకూడదని మా ఇంటి పిల్లి కూడా చెబుతుంది. కానీ కన్వీనరు అన్న మాట నా చెవిలో చాలా కమ్మగా పడింది. కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళలో నన్ను ఒక్క కమిటీలోనూ వెయ్యలేదు. ఇంటికెళ్ళి ఒక ఫైలు కొనుక్కొచ్చాను. దాని మీద "జాక్ ఎంపిక ఉపసంఘం" అని పెద్దక్షరాలతో రాసుకున్నాను. అందంగా వచ్చింది.

వరహాలు పిల్లల్ని రెండాటోల్లో కుక్కి తీసుకెళ్తోంది. ఆటోలు ఒకరోజు వేళకొచ్చేవి, ఒకరోజు వచ్చేవి కావు. శనివారానికి ఇద్దరు పిల్లల తండ్రులు వేరే వ్యాను మాట్లాడుకున్నారు. తొమ్మిది మంది మిగిలారు.

ఉపసంఘం మొదటి సమస్య ప్రమాణాలు. జాక్ ఎంత ఎత్తుండాలి? నా కారు కిందికి దూరేంత ఉంటే చాలు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ భానోజీరావు గారు వేలెత్తారు.

"అసోసియేషన్ జాక్ ఒక సభ్యుడి కారు కోసం కాదండీ. సభ్యులందరి కార్ల కోసం. సార్వజనీనంగా ఉండాలి."

ఆ మాటతో నాలో నిద్రపోతున్న స్టాటిస్టిక్స్ లెక్చరర్ దిగ్గున లేచాడు. అందరి కోసం ఒక్క అంకె కావాలంటే సగటు తియ్యాలి! ఆదివారమంతా వాచ్‌మన్ సింహాద్రిని వెంటేసుకుని, టేపు పట్టుకుని, సెల్లార్‌లో ఉన్న పంతొమ్మిది కార్ల కింద దూరాను. ఒక్కొక్క కారు నాలుగు మూలలా కొలిచాను. సింహాద్రి అంకెలు పలుకుతుంటే నేను రాసుకున్నాను. జీవితంలో అంత ఆనందంగా ఏ ఆదివారమూ గడపలేదు.

పద్దెనిమిది కార్లు ఆరు నించి ఎనిమిది అంగుళాల మధ్య బుద్ధిగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం రెండుంముప్పావు దగ్గర ఒంటరిగా పడుంది. అలాంటి అంకెని మా శాస్త్రంలో ఔట్‌లయర్ అంటారు. మందలో కలవని అంకె అన్నమాట. అది ఉంటే సగటు చెడుతుంది. దాన్ని తీసి పక్కన పెట్టి మిగతావాటికి సగటు కట్టడం మంచి పద్ధతి అని ప్రతి ఏడూ రెండో సంవత్సరం పిల్లలకి నేనే చెబుతాను. తీసి పక్కన పెట్టాను. సగటు ఆరుంముప్పావు వచ్చింది. ఎందుకైనా మంచిదని ఒకటింపావు తగ్గించి, "జాక్ కనిష్ఠ ఎత్తు అయిదున్నర అంగుళములు ఉండవలెను" అని నివేదిక రాశాను. గ్రాఫు కూడా గీశాను.

"శాస్త్రీయ దృక్పథం అంటే ఇది," అన్నారు భానోజీరావు గారు గ్రాఫు చూసి. ముకుందం గారు ఆకుపచ్చ సంతకం పెట్టారు.

ఇంట్లో మంజువాణి కంచంలో కూర వడ్డిస్తూ ఆ గ్రాఫు చూసింది. మూలన సున్నా చుట్టి ఉన్న చుక్క మీద వేలు పెట్టింది.

"ఇదేమిటి?"

"అది మన కారు. మినహాయింపు. లెక్కలోంచి తీసేశాం."

"జాక్ కావలసింది మన కారుకే కదండీ?"

"నీకు స్టాటిస్టిక్స్ అర్థం కాదులే."

ఆ మాట అన్నాక గ్రాఫు మళ్ళీ చూశాను. విషయం నాకు అర్థమయింది. అన్నం తిని లేచేసరికి పూర్తిగా అర్థమయింది. వెళ్ళి భానోజీరావు గారికి చెప్పాలి. కానీ అప్పటికే ప్రమాణాల కాగితం నోటీసు బోర్డు మీద అంటించేశారు. నా పేరు కింద కన్వీనరు అని టైపు కొట్టి ఉంది. అలాంటి కాగితం చింపడానికి చాలా ధైర్యం కావాలి. నాకు లేదు.

బుధవారం మూడు షాపులవాళ్ళు జాక్‌లు పట్టుకొచ్చి సెల్లార్‌లో ప్రదర్శన పెట్టారు. ఒకటి లారీలవాళ్ళు వాడే సీసా ఆకారపు జాక్. ఒకటి చక్రాల మీద దొర్లే పెద్ద ట్రాలీ జాక్. మూడో షాపతను పొట్టి మనిషి. చంకలోంచి పల్చటి ఇనప పెట్టెలాంటిది దించాడు.

"ఇది రెండున్నర అంగుళాలేనండి. కిందికి దించీసిన కార్ల కోసమే ప్రత్యేకంగా వస్తాదండి. ఇటు తోసీసి నాలుగు పంపులు కొడితే లేచిపోద్దండి," అని నా కారు వైపు తోయబోయాడు.

వరహాలు చేతిలో వ్యాను తాళం పట్టుకుని స్తంభం పక్కన నిలబడి ఉంది. ఆవిడ మొహం వెలిగింది.

"ఆగవయ్యా," అన్నారు ముకుందం గారు. కాగితం తీసి కళ్ళజోడు సర్దుకున్నారు. "నిర్దేశిత కనిష్ఠ ఎత్తు అయిదున్నర. నీది రెండున్నర. మూడంగుళాలు లోటు. కన్వీనరు గారేమంటారు?"

అందరూ నా వైపు చూశారు. షాపతను చూశాడు. వరహాలు చూసింది. నేను నా నివేదికని చూసుకున్నాను.

"ప్రమాణానికి తక్కువగా ఉంది," అన్నాను. "తిరస్కరించక తప్పదు."

ఇలా అన్నవాణ్ణి ఏమనాలో నాకు తెలుసు. మంజువాణి ఆ సాయంత్రం అంది కూడా. ఆ మాట ఇక్కడ రాయను.

మిగిలిన రెండింటి పరీక్ష భానోజీరావు గారి పెద్ద కారు మీద జరిగింది. దానికి పంక్చరూ లేదు, ఏ బాధా లేదు. ఎత్తుగా ఉంది కాబట్టి సౌకర్యంగా ఉంటుందని దాన్నే ఎన్నుకున్నారు. ట్రాలీ జాక్ దాన్ని అవలీలగా లేపింది. అందరం చప్పట్లు కొట్టాం. దింపి, మళ్ళీ లేపి, మళ్ళీ కొట్టాం. ఏకగ్రీవంగా ఎంపికయింది.

వరహాలు నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "సార్, నాకు తెలీక అడుగుతాను. ఇది మీ కారు కింద ఎలగ దూరుద్దండి?"

"శాస్త్రీయంగా నిర్ణయించాం వరహాలూ," అన్నాను.

"పిల్లలు ఇప్పుడు అయిదుగురే ఉన్నారు సార్. ఆటోలు నమ్మలేమని మిగతావోళ్ళు తీసుకుపోనారు. పరీచ్చలప్పుడు కూడా బండి లేపోతే ఈ అయిదుగురూ పోతారు. ఒకపాలి పోయినోళ్ళు మళ్ళీ ఏడు రారండి."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచుంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

ప్రారంభోత్సవం ఆదివారం పది గంటలకి. పరీక్షలు మర్నాడే. జాక్‌కి పసుపు రాసి, కుంకం పెట్టి, బంతిపూల దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. భానోజీరావు గారు కొబ్బరికాయ కొట్టి ఇరవై నిమిషాలు మాట్లాడారు. "నివాసుల భద్రత దృష్ట్యా, ఈ జాక్ ఎంపిక ఇతర అపార్టుమెంట్లకి మార్గదర్శకం కాగలదని ఆశిస్తున్నాను" అన్నారు. నాకు శాలువా కప్పారు. నేను కప్పించుకున్నాను.

తరవాత సింహాద్రి జాక్‌ని నా కారు వైపు దొర్లించాడు. అది వచ్చి, కారు అంచుకి ఠంగున తగిలి ఆగిపోయింది. బంతిపూల దండ జారి కింద పడింది.

"పక్కనించి తోయ్," అన్నారు ముకుందం గారు.

పక్కనించి తోశాడు. వెనకనించి తోశాడు. ముందునించి కూడా తోశాడు.

"బాబుగోరూ, ఇది కారు కింద దూరదండి. కారే దీని కింద దూరేలాగుంది," అన్నాడు సింహాద్రి చెమట తుడుచుకుంటూ.

భానోజీరావు గారు వంగి చూశారు. ఇరవై నిమిషాలు పొగిడిన జాక్‌ని ఇప్పుడు తప్పు పట్టడం ఆయన వల్ల కాదు. లేచి, చాలా గంభీరంగా నా వైపు తిరిగారు.

"జాక్‌లో లోపం లేదు మాస్టారూ. మీ వాహనమే ప్రమాణాలకి లోబడి లేదు. సదరు వాహనం ఎత్తుని జాక్‌కి అనుగుణంగా పెంచుకోవలసి ఉంటుంది."

"దేంతో ఎత్తు పెంచాలండీ?" అన్నాను.

"ఆమోదించిన జాక్‌తోనే."

"ఆమోదించిన జాక్ దూరడం లేదు కదండీ?"

 ఆడిట్ చేసిన బుర్ర కాబట్టి ముకుందం గారికే దారి కనిపించింది. పెద్ద జాక్ దూరేంత మేరకు కారుని ముందుగా కొంచెం లేపడానికి ఇంకో చిన్న జాక్ కావాలి. దానికి "ప్రాథమిక జాక్" అని పేరు పెట్టవచ్చు. దాని ఎంపికకి వేరే ఉపసంఘం వెయ్యాలి. కన్వీనరుగా అనుభవజ్ఞులైన నరహరి మాస్టారే ఉంటారు.

నా పేరు విన్నప్పుడు లోపల ఎక్కడో చిన్న సంతోషం కలిగింది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ కలిగింది.

వరహాలు వ్యాను తాళం చీరకొంగున ముడేసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న విప్లవం నేనే లేవదీశానని చెప్పుకోవాలని ఉంది. కానీ ఆరింటికి నేను మంచం మీద కూర్చుని కొత్త ఫైలు మీద ఏ పేరు రాయాలా అని ఆలోచిస్తున్నాను. మంజువాణి దేవుడి గదిలోంచి, మేమిద్దరం వ్రతాలకి కూర్చునే రెండు పీటలూ చంకన పెట్టుకుని బయటికొచ్చింది.

"ఎక్కడికి?"

"ఆ పిల్లలకి తొమ్మిదింటికి పరీక్ష. కారు తాళాలిలా ఇవ్వండి."

"అసోసియేషన్ తీర్మానం ఉంది మంజూ. కదిలించకూడదు. నేనే రాశాను."

"మీరు రాసింది మీరు చదువుకుంటూ కూర్చోండి."

ఆవిడకి కారు నడపడం రాదు. అది గుర్తొచ్చి పంచె ఎగ్గట్టి వెనకే పరిగెత్తాను. కింద వరహాలు ఆటో కోసం ఫోన్ చేస్తోంది. మంజువాణిని, పీటలని చూసి ఫోన్ పెట్టేసింది. ఒక పీట చక్రం ముందు పెట్టింది, రెండోది దాని వెనక ఆసరాగా పెట్టింది. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టింది.

"మెల్లగా సార్, మెల్లగా. అలగే. రానీండి. ఆఁ, చాలు."

రిమ్ము పీట మీద కీచుమంది. నా పర్సనాలిటీ మీద నాలుగంగుళాల గీత పడింది. కారు మూల రెండంగుళాలు లేచింది. డిక్కీలో మొదటిరోజునుంచీ పడున్న పాత జాక్ దాని కిందికి హాయిగా దూరిపోయింది. జాక్ తిప్పిందీ, నట్లు ఊడదీసిందీ, స్టెప్నీ బిగించిందీ అన్నీ వరహాలే. నా వంతు పని నట్లు దోసిట్లో పట్టుకోవడం. అంతా కలిపి పద్నాలుగు నిమిషాలు. మధ్యలో ఒక నట్టు జారవిడిచాను కాబట్టి పద్నాలుగు, లేకపోతే పన్నెండే.

ఏడింటికి వ్యాను గేటు దాటింది. దిగులు మొహంతోనే వరహాలు మంజువాణికి చెయ్యూపింది. వ్యానులో ఇద్దరు పిల్లలున్నారు. ముందు రోజు సాయంత్రమే ఇంకో ముగ్గురు వెళ్ళిపోయారని అప్పుడే తెలిసింది.

అసోసియేషన్ ఊరుకుంటుందా? ఆమోదం లేని సాధనంతో వాహనం ఎత్తినందుకు సంజాయిషీ నోటీసు ఇవ్వాలన్నారు. జాక్ వ్యవహారాలన్నీ కన్వీనరు పరిధిలోవి కాబట్టి నోటీసు నేనే రాసి, నా పేరు మీద, నా తలుపు కింద నించి నేనే తోసుకున్నాను. చాలా ఘాటుగా వచ్చింది. ఏడు రోజుల్లో జవాబివ్వమని ఉంది. ఆరో రోజున వినయంగా జవాబు రాసుకున్నాను. జవాబు సంతృప్తికరంగా లేదని మొదట నాకే అనిపించింది.

చివరికి భానోజీరావు గారు ఉదారంగా ఒక మార్గం చూపించారు. జరిగిన ఉల్లంఘనని క్రమబద్ధీకరించాలంటే, వాడిన సాధనాన్ని వెనకటి తేదీ నుంచి ఆమోదిస్తే సరిపోతుంది. ఆ ప్రకారం మా ఇంటి పీటలు రెండూ "ప్రాథమిక జాక్, నమూనా ఒకటి"గా గుర్తింపు పొందాయి. వాటి మీద ఆకుపచ్చ సిరాతో నంబరు వేశారు. అసోసియేషన్ గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళం ముకుందం గారి దగ్గరుంటుంది. కావలసినవాళ్ళు మూడు రోజుల ముందు దరఖాస్తు చెయ్యాలి. మంజువాణి ఇప్పుడు నేల మీద చాప వేసుకుని పూజకి కూర్చుంటోంది. దరఖాస్తు మాత్రం చెయ్యనంటుంది.

మే నెలాఖరున వరహాలు మా తలుపు తట్టింది. చేతిలో అయిదు ఫ్లాట్ల నంబర్లు రాసిన చిన్న కాగితం ముక్క ఉంది. వ్యాను శుభ్రంగా కడిగించి కొత్త సీటు కవర్లు కుట్టించానని చెప్పింది.

"సార్, జూన్లో బళ్ళు తెరుస్తారు. తొమ్మిది సీట్లు కాళీగున్నాయండి. మన అపార్టుమెంట్లో ఆరేడుగురు పిల్లలున్నారు కదా. మీరు కమిటీలో పెద్దోరు. ఆళ్ళ అమ్మానాన్నల్తో ఒక్కమాట సెప్తారేటోనని వచ్చాను."

ఆవిడ పోగొట్టుకున్నదంతా నా మూలంగానే పోగొట్టుకుంది. అది నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. అయినా మర్యాదగా గుమ్మంలో నిలబడి నన్నే సాయం అడుగుతోంది. అయిదు తలుపులు తట్టడానికి నాకు పావుగంట పడుతుంది. ఆ పావుగంట ఇవ్వడం నా కనీస ధర్మం. సరేనమ్మా, ఇప్పుడే వెళ్దాం పద అని చెప్పడానికే నోరు తెరిచాను.

"తప్పకుండా వరహాలూ," అన్నాను. "ఒక అర్జీ రాసివ్వు. కమిటీలో పెడతాను."

ఆవిడ కాగితం ముక్క మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

"వొద్దులెండి సార్. మీ కమిటీ అయ్యీసరికి ఈ పిల్లలకి పెళ్ళిళ్ళయిపోతాయి. నానే అడుక్కుంటాను," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కింది అంతస్తులో ఎవరిదో కాలింగ్ బెల్ మోగింది. నేను తలుపు వెయ్యడానికి చెయ్యెత్తి, ఈ విషయాన్ని అజెండాలో ఎన్నో అంశంగా పెట్టాలా అని ఆలోచిస్తున్నానని గ్రహించాను. సిగ్గుతో గుమ్మంలోనే కూర్చుండిపోయాను.